కళాసంస్థల్లో అధికార పీడన

లాభాపేక్ష లేని కళాసంస్థల్లో పెత్తనం చేసేవారు తమ కింద ఉన్న నటులను, వాద్యకారులను, ఉపాధ్యాయులను, విద్యార్థులను, రోజువారీ సిబ్బందిని పదేపదే అవమానించడం, చేసిన పనికి పైకం ఎగ్గొట్టడం, వేషం ఆశ చూపి లొంగదీసుకోవడం, లైంగికంగా వేధించడం, ఎదురు తిరిగినవారికి ఇంకెక్కడా వేదిక దొరక్కుండా చేయడం అధికార పీడన కిందికి వస్తాయి. నాటక సమాజం, సంగీత సభ, నృత్య కళాశాల, జానపద కళాబృందం, ప్రభుత్వ అకాడమీ అన్నీ ఈ చర్చలో భాగమే. కోపిష్టి దర్శకుడు రిహార్సల్లో ఒకనాడు గొంతు పెంచితే దాన్ని పీడన అనలేం. ఆ కోపానికి జడిసి పదిమంది ఏళ్ల తరబడి నోరు మెదపలేని స్థితి ఏర్పడితే అనక తప్పదు. మొదటిది ఒక మనిషి స్వభావం, రెండోది సంస్థ కట్టుబాటులోని లోపం. వేషం ఎవరికివ్వాలో నిర్ణయించేదీ, పైకం పంచేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే మనిషి అయితే, ఎంత గొప్ప ఆశయంతో పుట్టిన సంస్థ అయినా పీడనకు చోటిస్తుంది. ఈ మూడు పనులనూ వేర్వేరు చేతులకు అప్పగించిన చోట దుర్మార్గుడి ఆటలు ఎక్కువ కాలం సాగవు. తెలుగునేల మీద కళాసంస్థలు నడిచిన తీరు, పొరుగున చెన్నైలో జరిగిన ఉదంతం, దేశవిదేశాల అనుభవం అన్నీ ఈ నిర్ధారణకే బలమిస్తున్నాయి.

సంస్థల పుట్టుక, పెత్తనం తీరు

తెలుగు రంగస్థలం మీదికి పెత్తనం నాలుగు దారుల్లో వచ్చింది. మొదటిది కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బంధువర్గం ‘కీచకవధ’ ఆడి మొదలుపెట్టిన సమాజం తరతరాలుగా ఒకే ఇంటివారిగా బతికింది. ఒకే చోట విడిది, ఒకే వంట, స్త్రీ పాత్రలకు ఇంటి ఆడవాళ్లే. అక్కడ యజమాని అంటే తాతో పెదనాన్నో. రెండోది పట్టణ సభ. వకీళ్లు, భూస్వాములు, ఊరి పెద్దలు పూనుకుని పెట్టిన నాటక సభలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో వెలిగాయి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకు పేరు తెచ్చుకున్న తెనాలి రామవిలాస సభ అలాంటిదే. 1929లో అదే తెనాలిలో వనారస గోవిందరావు చొరవతో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. మూడోది ఉద్యమం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావు వంటి దర్శకులను, గుంటూరు దగ్గరి పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ వంటి బుర్రకథకులను జనం ముందుకు తెచ్చింది. అక్కడ ఆజ్ఞ పార్టీది. నాలుగోది ప్రభుత్వం. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీతో కళారంగంలోకి నామినేటెడ్ పదవులు, గ్రాంట్లు, అవార్డు కమిటీలు వచ్చాయి. కుటుంబంలో పెద్దరికం, సభలో పలుకుబడి, ఉద్యమంలో క్రమశిక్షణ, ప్రభుత్వంలో ఉత్తర్వు: పెత్తనానికి ఆధారం మారుతూ వచ్చింది గానీ, వేషం కట్టే మనిషికి ఫలానా హక్కులున్నాయని కాగితం మీద రాసిపెట్టుకునే అలవాటు వీటిలో ఏదీ బలంగా నాటలేదు.

ఈనాడు గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఎక్కువగా కనిపించేది రెండో రకం. ఏడుగురు సభ్యులు కలిసి రిజిస్టరు చేయించుకున్న కళాసమితి, ఏటా పోటీలు పెట్టే కళాపరిషత్తు, తిరునాళ్లకు బృందాన్ని పంపే నాట్యమండలి. వీటికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూస్తే పెత్తనం ఎందుకు ఒకరి చేతిలో గడ్డకడుతుందో తెలుస్తుంది. గుంటూరుకు పడమటి అంచున ఉన్న నల్లపాడు జంక్షను దాటితే పత్తి, మిర్చి పొలాలే. శీతాకాలం చివర నుంచి వేసవి దాకా గుంటూరు మార్కెట్ యార్డుకు మిర్చి వెల్లువెత్తుతుంది. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు, ప్రభలు, రాత్రి నాటకాలు కూడా ఆ రోజుల్లోనే. పంట పైకం చేతికొచ్చే కాలమూ కళకు చందాలు రాలే కాలమూ ఒకటే. చందా ఇచ్చేది కమీషన్ వ్యాపారి, జిన్నింగు మిల్లు యజమాని, కోల్డ్ స్టోరేజీ యజమాని. వాళ్లు సంస్థ నిబంధనావళి చదివి ఇవ్వరు, అధ్యక్షుడి ముఖం చూసి ఇస్తారు. ఆ ముఖమే సంస్థకు పెట్టుబడి కావడంతో ఆయన్ని మార్చాలన్న ఆలోచన కూడా కమిటీకి రాదు. అధ్యక్షుడు తప్పుకుంటే పరిషత్తే ఆగిపోతుందన్న మాట తరచూ నిజమే. ఆ నిజమే ఆయన మీద ఫిర్యాదు చేయదలచినవారి నోరు నొక్కుతుంది.

పీడన రూపాలు

పరిషత్తు పోటీకి వెళ్లే ఒక నాటికను దగ్గరగా చూస్తే అధికారం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. దర్శకుడు ఫోను చేసి వేషం ఉందంటాడు. ప్రదర్శనకు ఎంత ఇస్తారో నోటిమాటగా తేలుతుంది. సాయంత్రాలు ఏ బడిగదిలోనో, ఎవరి మేడ మీదనో రిహార్సళ్లు. వాటికి లెక్క ఉండదు, ప్రదర్శనకే లెక్క. పోటీ పొన్నూరులో ఉన్నా మార్టూరులో ఉన్నా బృందమంతా ఒకే బండిలో బయలుదేరుతుంది. వరసలో ఆఖరి నాటిక అయితే తెర లేచేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మేకప్ తుడుచుకునే చోటు, దుస్తులు మార్చుకునే చాటు, తిరిగి ఇల్లు చేరే దారి అన్నీ బృంద నాయకుడి దయ మీద ఆధారపడినవే. బహుమతి పైకం సమాజం పేరున వస్తుంది, నటికి జ్ఞాపిక వస్తుంది. అనుకున్న పైకంలో సగమే చేతిలో పెట్టి మిగతాది తర్వాత ఇస్తామంటే ఆమె చూపించడానికి చీటీ ముక్క లేదు. పట్టుబట్టి అడిగిందా, గొడవమనిషి అన్న పేరు ఆమెకన్నా ముందే పక్క సమాజానికి చేరుతుంది. పరిషత్తు నాటకాలాడే నటీమణులు కొద్దిమంది, వాళ్లను పిలిచే దర్శకులూ కొద్దిమంది. అందరూ అందరికీ తెలిసిన ఈ చిన్న లోకంలో చాటుమాటు మాట ఒకటి చాలు, ఏడాది వేషాలు పోతాయి.

అదే గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ సంగతి చూడాలి. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద అతడికి లైసెన్సు ఉంది, కాటా వేసే మనిషికీ ఉంది. కూలి రేటు మార్కెట్ కమిటీ స్థాయిలో తేలుతుంది. అమ్ముకున్న రైతుకు తూకం, ధర రాసిన తక్‌పట్టీ ఇస్తారు. యార్డులో అన్యాయం జరగదని ఎవరూ అనరు. కాని జరిగితే చూపించడానికి ఒక రేటు, ఒక చీటీ, వెనక నిలబడే ఒక సంఘం ఉన్నాయి. లాభం కోసం నడిచే బజారులో మోతకూలికి దక్కిన ఈ మూడూ లాభాపేక్ష లేని కళాసమితిలో హార్మోనియం వాయించే మనిషికి దక్కలేదు. డబ్బు వాసన లేని చోట దోపిడీ ఉండదన్న నమ్మకం ఈ పోలిక ముందు నిలవదు.

నేర్పే సంస్థల్లో పీడన మరింత లోతుకు దిగుతుంది. నృత్యం, సంగీతం శరీరాన్నీ గొంతునూ గురువుకు అప్పగించి నేర్చుకునే విద్యలు. అడుగు సరిదిద్దడానికి తాకక తప్పదు, ఏది సరిదిద్దడం, ఏది హద్దు మీరడం అన్న విచక్షణ పదహారేళ్ల పిల్ల మీద పడుతుంది. అరంగేట్రం ఎప్పుడో చెప్పేదీ, బృందంలో ముందు వరసలో నిలిపేదీ, విదేశీ పర్యటనకు పేరు రాసేదీ ఆ గురువే. దీనికి కులం తోడవుతుంది. కూచిపూడి భాగవతం చాలాకాలం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారి విద్యగా సాగింది. గుడుల్లో, మేజువాణీల్లో నాట్యాన్ని నిలిపిన కళావంతుల స్త్రీలు 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం తర్వాత వేదికకు దూరమయ్యారు. వారి విద్యను నటరాజ రామకృష్ణ వంటివారు వెతికి, ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ గౌరవానికి తెచ్చారు. విద్య నిలిచింది, కాని సభల కార్యవర్గాల్లో ఆ ఇళ్ల స్త్రీలకు చోటు దక్కిన సందర్భాలు అరుదు. కమిటీలో తనవారెవరూ లేని మనిషి ఫిర్యాదు ఇవ్వడానికి ఎవరి గుమ్మం తొక్కాలన్నది ఈ రంగంలో ఇప్పటికీ బతికున్న ప్రశ్న.

కళాక్షేత్ర ఉదంతం

తెలుగువారికి దగ్గరలో ఈ సమస్య స్పష్టంగా, రికార్డుకెక్కిన రూపంలో బయటపడింది చెన్నై కళాక్షేత్రలో. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ స్థాపించిన ఈ నృత్య విద్యాసంస్థ మేలట్టూరు తెలుగు భాగవతమేళ నాటకాలకు తన వేదిక మీద పెద్దపీట వేసింది. 1993లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 2022 డిసెంబరులో మాజీ డైరెక్టరు లీలా శాంసన్ అక్కడి వేధింపుల గురించి సామాజిక మాధ్యమంలో రాసి, తర్వాత తొలగించారు. సంస్థ ఆ ఆరోపణలను వదంతులుగా చూసింది. అంతర్గత విచారణలో ఏమీ తేలలేదన్నారు. 2023 మార్చి 30న విద్యార్థులు ఆవరణలో బైఠాయించారు. యాజమాన్యం తరగతులు ఆపి హాస్టళ్లు ఖాళీ చేయమంది. తమిళనాడు మహిళా కమిషన్ అధ్యక్షురాలు వచ్చి విద్యార్థులతో మాట్లాడాక సుమారు వందమంది రాతపూర్వకంగా ఫిర్యాదులిచ్చారని ప్రకటించారు. పూర్వ విద్యార్థిని ఫిర్యాదుపై కేసు నమోదై, ఏప్రిల్ 3న ఒక సహాయాచార్యుడు అరెస్టయ్యాడు. సంస్థ అతణ్ని సస్పెండ్ చేసింది, మరో ముగ్గురు కళాకారులను పనిలోంచి తప్పించింది. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. కణ్ణన్ నేతృత్వంలో స్వతంత్ర విచారణ సంఘాన్ని వేసింది. అంతర్గత కమిటీలో బయటి సభ్యురాలిగా ఉన్న న్యాయవాది రాజీనామా చేశారు.

ఎవరు దోషి అన్నది న్యాయస్థానం తేల్చాల్సిన సంగతి. సంస్థ నడక గురించి మాత్రం ఈ క్రమమే చాలా చెబుతుంది. కళాక్షేత్రకు చట్టం ఉంది, కేంద్ర ప్రభుత్వ నిధులున్నాయి, పాలకమండలి ఉంది, వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ కూడా ఉంది. కాగితం మీద ఏ లోటూ లేదు. అయినా ఏమీ తేలలేదన్న మాటకూ అరెస్టుకూ మధ్య గడిచింది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లో కొత్త సాక్ష్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. చెప్పేవాళ్లు అప్పటికే అక్కడే ఉన్నారు. తమ మార్కులు, వేషాలు, హాస్టలు గది నిర్ణయించే యంత్రాంగం చెవిలో చెప్పడానికి జంకినవాళ్లు, బయటి మనిషి వచ్చి కూర్చోగానే కాగితం మీద రాసిచ్చారు. వినేవారు మారితే మాట బయటికి వస్తుందన్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఫిర్యాదుల కమిటీ ఉండటమూ, అది యాజమాన్యానికి దూరంగా ఉండటమూ వేర్వేరు సంగతులు. రెండోది లేకపోతే మొదటిది యాజమాన్యానికి కవచంగా మారుతుంది.

ఇతర చోట్ల

2020 సెప్టెంబరులో భోపాల్‌లోని ధ్రుపద్ సంస్థాన్ సంగీత గురుకులంపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. ఎక్కువగా వినిపించిన పేరు గల గురువు అప్పటికి చనిపోయి ఏడాది కావస్తోంది. విద్యార్థులు గురువు ఇంటి నీడనే ఉండి నేర్చుకునే పద్ధతి అది. చదువు, తిండి, నీడ, భవిష్యత్తు ఒకే ఇంటి నుంచి వస్తే ఆ ఇంటి మీద ఫిర్యాదు చేయడమంటే అన్నీ వదులుకోవడమే. కేరళలో కొచ్చి-ముజిరిస్ బియెన్నాలె కళాప్రదర్శనను నడిపే ఫౌండేషన్ మీద 2019లో వేరే రకం ఆరోపణ వచ్చింది. ప్రదర్శన మంటపాలు కట్టిన కాంట్రాక్టరుకు, అతడి కింద పనిచేసినవారికి బకాయిలు చెల్లించలేదన్నది ఆ ఫిర్యాదు, ఫౌండేషన్ ఆ లెక్కతో విభేదించింది. అణగారినవారి గురించి చిత్రాలు వేలాడదీసిన గోడలను కట్టినవారి కూలి మీద తగాదా రావడం, ఆశయం ఎంత ఉన్నతమైనా పద్దుల పుస్తకం దానంతట అది సరిగ్గా ఉండదని గుర్తు చేస్తుంది.

ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని గేట్ థియేటరును మైకేల్ కోల్గన్ 1983 నుంచి 2017 దాకా నడిపారు. ఆయన హయాం మీద వచ్చిన ఆరోపణలను స్వతంత్రంగా పరిశీలించి 2018లో వెలువరించిన నివేదిక, పనిచోట గౌరవానికి భంగం, అధికార దుర్వినియోగం విషయాల్లో ఆయన సమాధానం చెప్పుకోవాల్సి ఉందని తేల్చింది. సంస్థను నడిపేవాడే బోర్డులోనూ కూర్చోవడంతో సిబ్బందికి ఫిర్యాదు చేసే దారి లేకుండా పోయిందన్నది ఆ వ్యవహారంలో బయటపడిన లోపం. బెల్జియంలో ఆంట్వెర్ప్ నగరానికి చెందిన ట్రబ్లెయిన్ బృందం స్థాపకుడు యాన్ ఫాబ్ర్ మీద 2018లో ఇరవైమంది పాత కళాకారులు బహిరంగ లేఖ రాశారు. 2022 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు ఆయన్ని దోషిగా నిర్ధారించి 18 నెలల సస్పెండెడ్ జైలు శిక్ష వేసింది. భోపాల్, డబ్లిన్, ఆంట్వెర్ప్‌ల మధ్య భాషలో, మతంలో, ఆస్తిలో ఎంతో దూరం. మూడు చోట్లా కనిపించిన పోలిక ఒకటే: ఆ సంస్థ అంటే ఫలానావారే అని లోకం అనుకునేంతగా ఎదిగిన పెద్దలు, వారిపైన ఎవరూ లేకపోవడం.

చట్టం ఎక్కడ నిలుస్తుంది

లాభాపేక్ష లేదు గనుక కార్మిక చట్టం వర్తించదన్న వాదనను సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1978లోనే తోసిపుచ్చింది. బెంగళూరు నీటి సరఫరా సంస్థ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ప్రకారం, క్రమబద్ధంగా సాగే పని, యజమాని-ఉద్యోగి సంబంధం, సరుకు గానీ సేవ గానీ అందించడం ఉంటే అది పరిశ్రమే. లాభం ఆశించారా లేదా అన్నది అప్రస్తుతం. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడు ఈ దారి నుంచి కొంత వెనక్కి మళ్లింది. ధర్మాదాయ, సామాజిక, దాతృత్వ సేవలో ఉన్న సంస్థలను పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించింది. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. కళాసంస్థలు ఈ మినహాయింపు నీడన చేరతాయా అన్నది వాదనకు తావున్న ప్రశ్నే. చేరతాయని తేలితే, నలభై ఏళ్లకు పైగా నిలిచిన ఒక రక్షణ రంగస్థల కార్మికుడికి దూరమైనట్టే.

సినిమావారికి ఉన్నది నాటకంవారికి లేకపోవడం మరో వింత. 1981 నాటి సినీ కార్మికుల చట్టం రాతపూర్వక ఒప్పందం లేకుండా ఎవరినీ పనిలో పెట్టుకోకూడదంది. కొత్త కోడుల్లోనూ దృశ్యశ్రవణ రంగ కార్మికుల పేరిట ఆ రక్షణ కొనసాగింది. అదే నటి కెమెరా ముందు నిలబడితే చట్టం ఒప్పందం అడుగుతుంది, తిరునాళ్ల వేదిక మీద నిలబడితే అడగదు. సంఘాల నమోదుకు ఉద్దేశించిన 2001 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టంలోని 23వ సెక్షను సంఘ వ్యవహారాలపై సభ్యులకూ కమిటీకీ వచ్చే వివాదాన్ని జిల్లా కోర్టు దాకా తీసుకెళ్లనిస్తుంది. పైకం మీద పిలిచిన వాద్యకారుడు సభ్యుడు కాదు గనుక ఆ తలుపు అతడికి తెరుచుకోదు. ఆదాయపు పన్ను చట్టం మినహాయింపులిస్తూ, సంస్థ సొమ్ము స్థాపకుల ఇంటికి చేరుతోందా అని ఆరా తీస్తుంది. సంస్థలో మనుషుల్ని ఎలా చూస్తున్నారని మాత్రం అడగదు.

ఉన్నవాటిలో బలమైనది పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం. విశాఖ కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు దీనికి మూలం. సొసైటీలు, ట్రస్టులు, వినోదరంగ సంస్థలు దీని పరిధిలో ఉన్నాయి. జీతం తీసుకోని వాలంటీరు, శిక్షణలో ఉన్న విద్యార్థిని కూడా ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. అందులో సగం మందికి తగ్గకుండా స్త్రీలుండాలి, ఒకరు బయటివారై ఉండాలి. పదిమంది లేని చిన్న సమితి నుంచి వచ్చే ఫిర్యాదు, యజమాని మీదనే ఇచ్చే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళతాయి. అమలులో తీవ్రమైన లోపాలున్నాయని సుప్రీంకోర్టు 2023 మేలోనూ, 2024 డిసెంబరులోనూ చెప్పి ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. కేరళ సినీరంగంపై హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక వెలుగు చూడటానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. తెలంగాణలో తెలుగు సినిమా, టీవీ రంగాల మీద వేసిన ఉపసంఘం నివేదికను బయటపెట్టాలని అప్పుడే తెలుగు నటీమణులు కోరారు. కోట్ల రూపాయల రంగంలోనే నివేదికలు అరల్లో మగ్గితే, పరిషత్తు నాటకాల్లో వేధింపుల మీద ఎవరైనా విచారణ అడుగుతారని ఆశించడం కష్టం.

అభ్యంతరాలు

కఠినమైన శిక్షణ లేకుండా కళ రాదన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. తాళం తప్పితే వందసార్లు చేయించని గురువు గురువు కాడు. పద్యం రాగంలో ఒదిగేదాకా వదలని దర్శకుడి వల్లే నటుడు నిలబడతాడు. అయితే కఠినత్వానికి ఒక గుర్తు ఉంది: అది పని మీద ఉంటుంది, అందరికీ ఒకేలా ఉంటుంది, తప్పు దిద్దుకోగానే ఆగిపోతుంది. పీడన మనిషి మీద ఉంటుంది, నచ్చినవారికి ఒకలా, ఎదిరించినవారికి ఒకలా ఉంటుంది, తప్పు దిద్దుకున్నా ఆగదు. ఫిర్యాదు వినే మనిషి వేరుగా ఉన్నంత మాత్రాన వందసార్లు చేయించే గురువుకు వచ్చే నష్టమేమీ లేదు. నష్టం తాళం పేరు చెప్పి గది తలుపు మూసేవాడికే.

చందాలతో బతికే చిన్న సమితి ఇన్ని ఏర్పాట్లు భరించలేదన్నది రెండోది. కమిటీలు, ఆడిటర్లు, న్యాయవాదులు అంటే ఏడాదికి ఒక నాటిక ఆడే సమాజానికి నిజంగానే భారం. కాని పీడనను ఆపే మొదటి మెట్టుకు డబ్బు అక్కర్లేదు. ప్రదర్శనకు ముందే ఎవరికెంతో రాసి సంతకం చేసిన కాగితానికి ఖర్చు లేదు. స్థానిక కమిటీ ఫోను నంబరు రిహార్సలు గదిలో అంటించడానికి ఖర్చు లేదు. కోశాధికారి దర్శకుడి ఇంటివాడు కాకూడదన్న నియమానికీ లేదు. ఖర్చు లేని పనులే జరగడం లేదంటే అడ్డు పేదరికం అనుకోలేం. మాటకు కాగితం అక్కర్లేదన్న అలవాటు కొందరికి అనుకూలంగా ఉందని ఒప్పుకోవాలి.

గొడవ రచ్చకెక్కితే సంస్థే మూతపడుతుందని, దాంతో అందరూ వేదిక పోగొట్టుకుంటారని మూడో అభ్యంతరం. కళాకారులు స్వయంగా చెప్పే మాట ఇది, వాళ్ల భయానికి చరిత్రలో ఆధారమూ ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రాష్ట్రంలోని అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో వాటి పనులు కలిశాయి. అకాడమీల మీద ఎన్ని విమర్శలున్నా, రద్దుతో దండన పడింది పదవుల్లో ఉన్నవారికన్నా వాటి గ్రాంటు మీద ఆశ పెట్టుకున్న ఊరి బృందాలకే ఎక్కువ. కాబట్టి సంస్థను కూల్చడం దిద్దుబాటు అనిపించుకోదు. అయితే సంస్థను కాపాడటమంటే దాని పెద్దను కాపాడటం అనుకుంటేనే ఈ భయం పుడుతుంది. కళాక్షేత్ర మూతపడలేదు, గేట్ థియేటరు కొత్త నాయకత్వంలో నడిచింది. దాచిపెట్టిన ఏళ్లు ఎంత ఎక్కువైతే బయటపడిన రోజున దెబ్బ అంత పెద్దది. తొలి ఫిర్యాదునే విని ఉంటే ఒక మనిషితో పోయేది, చివరకు సంస్థ పేరునే పట్టుకుంటుంది.

దిద్దుబాటు దారులు

నెలజీతం ఇస్తే సమస్య తీరుతుందని కొందరి ఆలోచన. 2014లో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి సుమారు 550 మంది జానపద కళాకారులను జీతం మీద తీసుకుంది. రేపటి తిండికి వెతుక్కోనక్కర్లేని స్థితి చిన్న విషయం కాదు, గాయకుడి ఇంట్లో అది పెద్ద మార్పు. కాని అక్కడి పని ప్రధానంగా ప్రభుత్వ పథకాల ప్రచారం. పైకం స్థిరపడింది గానీ వేషం నిర్ణయించే చెయ్యీ, ఫిర్యాదు వినే చెవీ ప్రభుత్వానివే అయ్యాయి. సురభిలో రాబడిని కుటుంబాలు పంచుకున్నాయి గానీ ఇంటి పెద్దకు ఎదురు చెప్పడం బంధుత్వానికి ఎదురు చెప్పడం అయింది. ఒక్కొక్క నమూనా మూడింటిలో ఒకదాన్ని బాగుచేసి మిగతా రెంటినీ అలాగే వదిలేసింది. అందుకే మూడూ కలిసి మారాలి. కళకు సంబంధించిన నిర్ణయం దర్శకుడిది, గురువుది. అందులో కమిటీ వేలు పెట్టకూడదు. పైకం కోశాధికారిది, ఒప్పందం ప్రకారం నేరుగా కళాకారుడికి చేరాలి. ఫిర్యాదు సంస్థతో లాభనష్టాలు లేని బయటి మనుషులది. అధ్యక్షుడి పదవికి కాలపరిమితి ఉండాలి, పైకం మీద పనిచేసే కళాకారులకు కార్యవర్గంలో ఓటున్న ప్రతినిధి ఉండాలి.

ఈ మార్పు సంస్థల లోపలి నుంచే వస్తుందని ఎదురుచూడటం తెలివి కాదు, ఎందుకంటే మారాల్సిన పెత్తనమే మార్పును ఆమోదించాలి. బయటి నుంచి ఒత్తిడి తేగలిగినవారు ఇద్దరు. ఒకరు ప్రభుత్వం. అది నిర్వహించే నంది నాటకోత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. అలాంటి పోటీలకు వచ్చే ప్రతి సమాజం దరఖాస్తుతో పాటు కళాకారుల ఒప్పంద పత్రాలు జతచేయాలని ఒక్క నియమం పెడితే, ఆ ఏడాదే తెలుగునాట నాటక సమాజాల అలవాటు మారుతుంది. రెండోవారు దాతలు. వ్యాపారంలో ప్రతి టిక్కీకి లెక్క అడిగేవారు, కళకిచ్చిన చందా దగ్గర లెక్క అడగడం మర్యాద కాదనుకుంటున్నారు. ఆ మర్యాద వల్ల మేలు పొందేది కళ కాదు. చందా పుస్తకంతో గుమ్మంలోకి వచ్చిన అధ్యక్షుణ్ని, గత ఏడాది ఆడిన నటులకు, వాయించిన వాద్యకారులకు పూర్తి పైకం అందినట్టు వాళ్ల సంతకాలు చూపించమని అడగడం దాతకున్న హక్కు. చూపించగలిగిన సంస్థకు రెట్టింపు ఇవ్వవచ్చు. చూపించనంటే, ఎంత పెద్ద పేరున్నా సరే, ఆ సంస్థకు రూపాయి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.